రెండుసార్లు తట్టినంక

ఆ అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉంటది. ఇద్దరు మనుషులు చెరొక దిక్కు పట్టుకొని డబ్బాను లేపుతున్నట్టు. బరువైన కంప్యూటర్ సర్వరు ఏది వచ్చినా దాని పెట్టె మీద ఆ బొమ్మ ఉండాల్సిందే. ఒక్కడే ఎత్తొద్దని దాని అర్థం. చదువు రానోనికి గూడ తెలుస్తది.

చిన్నవ్వ ఆ బొమ్మను చూసినప్పుడల్లా ఒకటే మాట అనేది.

"ఇద్దరినీ మొగోళ్లనే గీసిండ్రు. నేనేడున్న ఇందుల?"

"నువ్వు పెట్టె లోపలున్నవే. గందుకే అంత బరువు" అనేటోడు మొండయ్య.

ఇయ్యాల ఆ మాట అనేటందుకు ఆమె లేదు. దవాఖానల, మూడో అంతస్తుల, మూతికి ఆక్సిజన్ పెట్టుకొని పండుకున్నది. మొండయ్య అదే దవాఖానల, కింద చిన్న గదిల, నిలువెత్తు ఇనుప ర్యాకు ముంగట నిలబడ్డడు. ఆమెను తీసుకొచ్చిన నాడు మెట్లకాడనే ఆయనను ఆపేసిండ్రు. ఆమె చెప్పులు చేతికిచ్చిండ్రు. ఆ చెప్పుల సంచి ఇప్పుడు గది మూలకున్నది. అప్పటిసంది ఆమె మొకం చూడలేదు.

పైన మంచాల మీదున్నోళ్లను, కిందున్న వాళ్ల మనుషులను ఒకరికొకరిని తెర మీద చూపెట్టే ఏర్పాటు ఒకటి ఆ దవాఖానల ఉండె. దాన్ని నడిపే పాత సర్వరు ఎండకు, ఆగకుండ నడుసుడుకు కాలిపోయింది. కొత్తది ర్యాకులకు ఎక్కితేనే తెర వెలుగుతది. తెర వెలిగితేనే మొండయ్య పెండ్లాం మొకం చూస్తడు. సూరత్ అంతట గట్లనే ఉండె, కరోనా రెండో ఏటి ఆ ఎండకాలం. గేటు బయట శామియాన కింద ఎంతమందో తెర వెలుగుతదని కూసున్నరు.

"పెద్దాయనా, మీరు కూర్చోండి. ఇంకెవరినన్నా పిలుస్తాను" అన్నడు వంశీధర్. ఆయన ఆంధ్ర దిక్కు ఇంజనీరు. హజీరాల పెద్ద కంపెనీల పని. దవాఖానోళ్లు బతిమాలితే వచ్చిండు.

"ఎవలొస్తరు సారూ, గీ రోజులల్ల దవాఖానకు?"

వంశీధర్ గూడ తెల్లారిసంది ఫోన్ల మీద ఫోన్లు చేసి ఉన్నడు. ఆఖరికి వచ్చింది ఓంప్రకాష్ ఒక్కడే. లింబాయత్‌ల మొండయ్య ఉండే గల్లీ మనిషే. సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, బిగించే మేస్త్రి. తల వంచకుండ ఏ దర్వాజల నుంచి పోలేని పొడుగు.

"చిన్నమ్మ చేతి తలకాయ కూర తిన్నోన్ని కాకా, రాకుంటే ఎట్ల?" అన్నడు మూతిగుడ్డ సదురుకుంట.

మొండయ్య, చిన్నవ్వ సిరిసిల్ల దిక్కోళ్లు. పెండ్లయిన కొత్తల సూరత్ వచ్చిండ్రు. ఆయన సాంచా నడిపిండు. ఆమె కండెలు చుట్టింది. సాంచాల చప్పుడుల పక్కన మనిషి అరిసినా ఇనపడది. అందుకని కార్ఖానల అందరు చేతులతోనే మాట్లాడుతరు. పోగు తెగితే ఒక సైగ. చాయ్ వస్తే ఒక సైగ. సేఠ్ వస్తుండంటే ముక్కు గోక్కునుడు. మొండయ్య మొదటిసందే మాటలు తక్కువ మనిషి. ఆ చప్పుడు ఆయనకు మంచిగ కలిసొచ్చింది. "ఇంట్ల సాంచా లేకున్నా నీకు మాట రాదేందయ్యా" అని చిన్నవ్వ ఎక్కిరిచ్చేది.

కరోనా మొదటి ఏడు సాంచాలు ఆగిపోయినయి. గల్లీ గల్లీ ఖాళీ అయింది. ఊరికి పోదామా అని మొండయ్య అడిగితే, "ఆడ మన కొరకు పొయ్యి ముట్టిచ్చి ఎవలు కూసున్నరు?" అన్నది. నిజమే. పిల్లలు కాలేదు. ఉన్నోళ్లు పోయిండ్రు. ఇద్దరు ఇచ్ఛాపూర్‌ల ఒక ఆఫీసు ఊడ్చే పనికి కుదిరిండ్రు. అక్కడనే వంశీధర్ కలిసిండు. ఆయన దగ్గరి పనోళ్లందరు ఊళ్లకు పోయిండ్రు. సర్వర్లు పెట్టెలల్లనే ఉన్నయి. ఒక్క చెయ్యి సాయం పట్టమని మొండయ్యను అడిగిండు. మొండయ్య ఒక దిక్కు పట్టేలోపల చిన్నవ్వ కొంగు చెక్కి రెండో దిక్కు పట్టింది.

"అమ్మా, మీరొద్దమ్మా."

"బరువుకు ఆడ మొగ ఏం తెలుస్తది సారూ? నువ్వు జర పక్కకు జరుగు."

వంశీధర్ నవ్వి జరిగిండు. తర్వాత ఓపికగ అన్ని నేర్పిండు. ర్యాకు అడుగున కాళ్లు ఉంటయి, వాటిని ముందుగాల నేలకు బిగియ్యాలె. బరువైనవి కింద పెట్టాలె, తేలికవి మీద. తలకాయ బరువైతే ర్యాకు మనిషి మీదికే ఒరుగుతది. "మరి మా సేఠ్ ఎట్ల నిలబడ్డడో" అన్నది చిన్నవ్వ. ఒక సర్వరును బయటికి గుంజి ఉంచినప్పుడు ఇంకోదాన్ని గుంజొద్దన్నడు. ఎత్తేటప్పుడు నడుము వంచొద్దు, మోకాళ్లు వంచాలన్నడు. రెండు పక్కల ఇనుప పట్టాలల్ల టక్కుమని కూసునేదాక చెయ్యి తియ్యొద్దని మరీ మరీ చెప్పిండు.

కానీ ఆ గదులల్ల గాలి మిషన్ల మోతకు ఆ టక్కు ఇనపడది. చిన్నవ్వనే దానికి ఉపాయం చూసింది. తన దిక్కు కూసున్నంక ఇనుము మీద వేలి ఉంగరంతోని రెండుసార్లు తట్టేది. నాది కూసున్నది, నువ్వు ఇడువు అని. మొండయ్య చేతికి ఆ అదురు తగిలేది. ఆయన గూడ రెండుసార్లు తట్టేటోడు. అప్పుడు ఇద్దరు ఒక్కసారే ఇడిసేటోళ్లు. ఇద్దరు తట్టందే ఎవరూ ఇడువద్దు. అది వాళ్ల కట్టుబాటు.

ఒకసారి అమ్రోలిల ఒక ఆఫీసుల పని చేస్తుంటే మొండయ్యకు చిలిపితనం పుట్టింది. ఆమె తట్టింది. ఆయన తట్టలేదు. ఊకెనే చూసుకుంట నిలబడ్డడు. ఆమె చేతులు వణుకుతున్నయి. పెదవి కొరుక్కున్నది. అయినా ఇడువలేదు. అప్పుడు నవ్వి తట్టిండు. తాపీ వంతెన దాటి షేర్ ఆటో లింబాయత్ చేరేదాక ఆమె తిడుతనే ఉన్నది.

"ముసలితనాన పరాచికాలు! నా చేతులు ఊడిపోయేదాక చూద్దామనుకున్నవా?"

"కూసున్నది గదనే. ఇడిసేది ఉండె."

"నువ్వు తట్టందే నేనెప్పుడన్న ఇడిసిన్నా?"

ఆటోల గుజరాతీ ముసలమ్మ ఒకామె, ఒక్క ముక్క అర్థం కాకున్నా, చిన్నవ్వ దిక్కే మాట్లాడి మొండయ్యను కసిరింది.

ఇప్పుడు ర్యాకు కాళ్లు బిగిచ్చిండ్రు. కరెంటు తీసిండ్రు. పట్టాలు నడుమెత్తుకు జర కింద ఉన్నయి. మొండయ్య ఎడమ దిక్కు పట్టిండు, ఓంప్రకాష్ కుడి దిక్కు. లేపిండ్రు. పట్టాల దగ్గరికి తెచ్చేసరికి సర్వరు ఒక దిక్కు ఒరిగింది. మూల పోయి ఇనుముకు కొట్టుకున్నది.

"దించండి, దించండి!" అన్నడు వంశీధర్. "పట్టా వంకర పోయిందంటే ఇంకోటి దొరకదు. పెద్దాయనా, మీ పక్క కిందికి పోతోంది."

మల్ల లేపిండ్రు. మల్ల గట్లనే. మొండయ్య దిక్కు జానెడు కిందికి దిగింది.

"చేతులు గుంజుతున్నయా కాకా?"

"లేదు."

"మరి జర లేపు."

మొండయ్య లేపిండు. ర్యాకు దగ్గరికి రాంగనే మల్ల దిగింది. దించినంక ఓంప్రకాష్ ఆయన కాళ్ల దిక్కు చూసిండు.

"కాకా, నీ మోకాళ్లెందుకు వంగుతున్నయి? పట్టాలు మీదనే ఉన్నయి గదా."

మొండయ్య గూడ తన మోకాళ్లను చూసుకున్నడు. పరాయి మనిషివి చూసినట్టు. చిన్నవ్వ ఆయన భుజానికి గూడ రాదు. ఆమెతోని ఎత్తినప్పుడల్లా సర్వరు సమంగ ఉండాలని ఆయన మోకాళ్లు వంచేటోడు. ఎన్నడు అనుకొని వంచలేదు. ఆమె ఎత్తుకు వంగుడు కాళ్లకు అలవాటై పోయింది. ఇప్పుడు ఎదురుంగ ఆరడుగుల మనిషి ఉన్నా, కాళ్లకు ఆ సంగతి తెల్వది.

ఆయన పక్కకు తిరిగి మూతిగుడ్డతోనే కండ్లు ఒత్తుకున్నడు. వంశీధర్‌కు అర్థమై, స్క్రూలు వెతుకుతున్నట్టు కిందికి వంగిండు.

"సరే కాకా" అన్నడు ఓంప్రకాష్. "నువ్వు ఎట్లుంటవో గట్లనే ఉండు. నేనే వంగుత."

మూడోసారి లేపిండ్రు. ఆ పొడుగు మనిషి మోకాళ్లు వంచి, వంచి, చిన్నవ్వ ఎత్తుకు దిగిండు. సర్వరు సమమైంది. చివరన ఇద్దరూ ఒక్కతీరుగ లేచి పట్టాల మీద పెట్టిండ్రు. మెల్లగ లోపలికి జరిగింది. మొండయ్య రెండుసార్లు తట్టిండు.

"అయిపాయె కాకా. ఇడువు."

మొండయ్య ఇడువలేదు.

"కూసున్నది కాకా."

"తట్టు."

"ఏంది?"

"రెండుసార్లు తట్టురా. నువ్వు తట్టందే ఎట్ల ఇడుస్త?"

ఓంప్రకాష్ తట్టిండు. అప్పుడు ఇడిసిండు.

పగటి అన్నం యాళ్లకు తెర వెలిగింది. వంశీధర్ కుర్చీ గుంజి మొండయ్యను కూసోబెట్టిండు.

"బయట లైన్ల ఉన్నోళ్లు సారూ..."

"వాళ్లకూ ఇస్తాం. పని చేస్తుందో లేదో ముందు ఒక మంచం చూడాలిగా" అన్నడు వంశీధర్. ఆయన మొకం దిక్కు చూడకుండ.

తెర మీద ముందు ప్లాస్టిక్ బట్టల సిస్టర్ కనపడ్డది. తర్వాత మంచం. మంచం మీద చిన్నవ్వ. మొకమంత మాస్కే. కండ్లు లోపలికి పోయినయి. జుట్టు ఎవలో రెండు జడలేసిండ్రు, బడిపిల్లకేసినట్టు.

"కాకీ, దేఖో, కాకా ఆయే!" అన్నది సిస్టర్.

చిన్నవ్వ చూసింది. మాట రాదు. మొండయ్యకు ఎట్లైన రాదు. చేతులు లేపిండు. తిన్నవా అని సైగ. ఆమె వేళ్లు మెల్లగ కదిలినయి. నీ సంగతేంది? సర్వరు ఎత్తినమని చూపెట్టిండు. రెండో దిక్కు ఎవలు పట్టిండ్రని ఆమె కనుబొమ్మ లేపింది. మొండయ్య చెయ్యి తలకాయ మీదికి లేపి, ఇంతెత్తు మనిషి, అన్నడు. ఆమె కండ్లు నవ్వినయి. మాస్కు లోపల ఆవిరి పట్టింది. దానికే ఊపిరాడక దమ్మొచ్చింది. సిస్టర్ వీపు రాసింది.

దమ్ము తగ్గినంక చిన్నవ్వ చెయ్యి మంచం పక్క ఇనుప కడ్డీ దాక పోయింది. కడ్డీని పట్టుకున్నది. ఉంగరం వేలుతోని రెండుసార్లు తట్టింది.

"పానీ చాహియే, కాకీ?"

నీళ్లు కాదు. మొండయ్యకు తెలుసు. ఆ ఊళ్లె ఆ ఒక్కనికే తెలుసు. ఆయన రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని, వేళ్లల్ల వేళ్లు బిగిచ్చిండు. తట్టలేదు.

ఆమె ఎదురుచూసింది. కడ్డీ ఇడువలేదు. సిస్టర్ ఆ చెయ్యిని దుప్పట్ల పెట్టబోతే రానియ్యలేదు. చెయ్యి వణికింది. మణికట్టు దగ్గర సూది గుచ్చిన కాడ నల్లగ కమిలి ఉన్నది. ఆ వణుకు భుజం దాక ఎక్కింది. కండ్లు మాత్రం తెర మీదనే ఉన్నయి. కోపంగ లేవు. తాపీ వంతెన మీద తిట్టిన కండ్లు గూడ కావు.

నువ్వు తట్టందే నేనెప్పుడన్న ఇడిసిన్నా?

మొండయ్య ఒక చెయ్యి లేపిండు. అది సర్వరు కంటే బరువున్నది. ముంగటున్న ఇనుప బల్ల మీద తట్టిండు. ఒకసారి. చానాసేపు ఆగిండు. మల్లొకసారి.

చిన్నవ్వ వేళ్లు కడ్డీని ఇడిసినయి. సిస్టర్ ఆ చెయ్యిని దుప్పట్ల పెట్టింది. తెర వేరే మంచానికి పోయింది.

"నెట్‌వర్క్ బాగానే ఉంది" అన్నడు వంశీధర్. "అమ్మ ఏమన్నారు?"

"ఏం లేదు సారూ" అన్నడు మొండయ్య. "ఆమె దిక్కు కూసున్నదట."

తెల్లారి పొద్దుగాల మైకుల ఆమె పేరు పిలిచిండ్రు. పేరు తప్పుగ పలికినా మొండయ్యకు తెలిసింది. దగ్గరికి పోనియ్యలేదు. ముట్టనియ్యలేదు. ఇనుప కంచె ఇవతల నిలబెట్టిండ్రు. పక్కన ఓంప్రకాష్, ఆయన చేతుల చెప్పుల సంచి.

తెల్ల ప్లాస్టిక్ బట్టలోళ్లు ఇద్దరు ఆమెను స్ట్రెచర్ మీద తెచ్చిండ్రు. బండి దగ్గర ఎత్తబోయిండ్రు. తలకాయ దిక్కున్నోడు పొడుగు. కాళ్ల దిక్కున్నోడు పొట్టి. ఎత్తంగనే స్ట్రెచర్ ఒక దిక్కు వాలింది. తెల్లగుడ్డల ఉన్న మనిషి కాళ్ల దిక్కు జారింది.

మొండయ్య నోరు తెరిచిండు. మాట రాలేదు. మాట ఎన్నడొచ్చింది గనుక. కంచె పట్టుకొని, ఆ పొడుగోని కండ్లల్లకు చూసుకుంట, మోకాళ్లు వంచిండు. ఎంత వంచాల్నో అంతే. కాళ్లకు తెలుసు.

ఆ పొడుగోడు ఒక్క నిమిషం చూసిండు. వాని మొకం కనపడది, అద్దం వెనుక కండ్లే. ఏమనుకున్నడో, వాడు గూడ మోకాళ్లు వంచిండు.

స్ట్రెచర్ సమమైంది. బండి లోపలి పట్టాల మీదికి ఎక్కింది. మెల్లగ లోపలికి జరిగి, టక్కుమన్నది. ఈసారి ఆ చప్పుడు ఇనపడ్డది. ఏ మోతా లేదు అక్కడ.

బండి కదిలినంక గూడ మొండయ్య గట్లనే వంగి ఉన్నడు.

"లే కాకా" అన్నడు ఓంప్రకాష్.

"లేస్త బిడ్డా" అన్నడు. లేవలేదు.