తేనెటీగలు రాని చేను

పత్తికి మందు కొడుతూ మొగుడు చేలోనే కూలిపోయాక, ఆ నేలలో మళ్ళీ పత్తి పెట్టనంది శివపార్వతి. పర్చూరు వైపు నల్లరేగడిలో అందరూ పత్తే వేస్తుంటే ఆమె పొద్దుతిరుగుడు వేసింది. అత్త సుబ్బరావమ్మ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. పెద్దకొడుకు పోయినప్పటినుంచి ఆవిడ కోడలితో మాట్లాడటం మానేసింది. ఆ రోజు వాణ్ణి మందు కొట్టడానికి పొమ్మన్నది కోడలేనని ఆవిడ మనసులో పడిపోయింది. అది అబద్ధమూ కాదు.

చేను మనిషెత్తు పెరిగి పూతకొచ్చింది. కానీ ముందు విచ్చిన పూలలో గింజ నొక్కి చూస్తే అంతా తాలు. వ్యవసాయశాఖ సంజీవరావు వచ్చి చూశాడు.

"ఏ చెట్టు పుప్పొడి ఆ చెట్టుకి పనికిరాదమ్మా. పక్క చెట్టుది అంటాలి. ఆ పని తేనెటీగలది. ఒక్కటన్నా కనబడుతోందా?"

ఎలా కనబడతాయి? గట్టుకి అవతల మరిది అంకమ్మరావే తన పత్తిలో తెల్లదోమకి రోజు విడిచి రోజు మందు కొడుతున్నాడు. ఆమె వెళ్ళి అడిగింది.

"పొద్దున పూట కొట్టమాకయ్యా. సాయంత్రం కొట్టుకో."

"నేనాగితే దోమ ఆగుద్దా వదినా?" అన్నాడతను మొహం చూడకుండా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూతికి గుడ్డన్నా కట్టుకో," అని వెనక్కి వచ్చేసింది.

ఇక చేత్తోనే చెయ్యాలి. మెత్తటి గుడ్డ అరచేతికి చుట్టుకుని, ఒక పువ్వు నిమిరి, అదే చేత్తో పక్క చెట్టు పువ్వు నిమరాలని సంజీవరావు చెప్పాడు. ఆమె గుడ్డ కోసం వెతుకుతుంటే అత్త పెట్టె తెరిచి పోయిన కొడుకు పంచె తీసింది. కాసేపు మొహానికి ఆనించుకుని, నిలువునా చించి సగం కోడలికిచ్చింది.

"పద, నేనూ వస్తా."

ఎండ ముదరకముందే ఇద్దరూ చెరో సాలు పట్టారు. సగం సాలు నిమిరారు. ఉన్నట్టుండి ముసలామె నిలబడిపోయింది.

"ఆ పొద్దున వాడు తల తిరుగుతోందన్నాడే. నాతోనే అన్నాడు. ఈ ఒక్కసారికి కొట్టిరారా అన్నా. నీ మీదకి తోసి ఇన్నాళ్ళూ బతికా."

శివపార్వతి చెయ్యి పువ్వు మీదే ఆగింది. సాలు దాటి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. కాసేపటికి ఇద్దరూ ఒకే సాలులో కదిలారు.

తర్వాత విచ్చిన పూలలోనూ నడిమి భాగం తాలుగానే ఉండిపోయింది. అంచుల్లో మాత్రం నల్లగా గింజ కట్టింది. అన్ని మందులు కొట్టినా అంకమ్మరావు పత్తి తెల్లదోమ వల్ల మసిపట్టి పోయింది. కోత రోజున అతను గట్టు దిగి వచ్చి నిలబడ్డాడు. తల్లి అతని చేతికి కొడవలి ఇచ్చింది.