ఎవరి చేతికో ఈ వాచీ

వాచీల కొట్టులో గాజు బల్ల ముందు కూర్చునేసరికే బన్నక్కకి సగం సంగతి అర్థమైపోయింది. మిగతా సగం మొగుడి నోటి నుంచి రాబట్టాలి.

బన్నక్క అసలు పేరు రేషను కార్డుకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. బేకరీలో పిండి పిసికే గదికి ఆమే పెద్ద. ఆమె చేసిన బన్నుల కోసం జనం పొద్దున్నే వరస కడతారు కాబట్టి ఆ పేరు పడిపోయింది. మొగుడు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఈమధ్యే మేనేజరయ్యాడు. అయినప్పటి నుంచీ ఇంట్లో కూడా గొంతు సవరించుకుని మాట్లాడుతున్నాడు.

"మా ఆఫీసులో పెద్ద మేడమ్ రిటైరవుతున్నారు. స్టాఫంతా కలిసి ఒక రోజ్ గోల్డ్ వాచీ ఇద్దామనుకున్నాం. ఆడవాళ్ల వస్తువుల గురించి నాకేం తెలుసు? నువ్వొచ్చి ఎంచిపెట్టు," అన్నాడు పొద్దున్న.

అంటూ చెవి తమ్మె నలుపుకున్నాడు. అబద్ధమాడేటప్పుడు ఆ మహానుభావుడికి అదొక అలవాటు. బన్నక్క పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టేసింది గానీ, కనిపెట్టినట్టు ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. అంత పనికొచ్చే రహస్యాన్ని ఎవరైనా చేజేతులా పోగొట్టుకుంటారా?

పోనీ ఈ ఒక్క అబద్ధమే అయితే సరిపెట్టుకునేది. కొన్నాళ్లుగా ఫోను మోగితే చాలు, పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తుతున్నాడు. గుసగుసలు, ముసిముసి నవ్వులు. "ఆవిడకి మాత్రం ఇప్పుడే తెలియకూడదండీ," అనడం బన్నక్క చెవిన పడింది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి చూసింది. చూసి అక్కడే మంచం మీద కూలబడింది. ఆ నంబరు ఎవరిదో కాదు, ఓనరమ్మది. సాక్షాత్తూ బేకరీ ఓనరమ్మది!

మొగుడు పోయాక కొట్టు తనే నడుపుకుంటోంది ఓనరమ్మ. ఇస్త్రీ మడత నలగకుండా కౌంటర్లో కూర్చుంటుంది. మంచిదే, పాపం, అనుకునేది బన్నక్క. ఇప్పుడు ఆ పాపం అన్న మాట వెనక్కి తీసేసుకుంది. ఎందుకంటే ఓనరమ్మ కూడా మారిపోయింది. ఇదివరకు పిండి గదిలోకొచ్చి కాసేపు కబుర్లు చెప్పేది. ఇప్పుడు గుమ్మంలో నుంచే "ఏమ్మా, బాగున్నావా" అని తల తిప్పేసుకుంటోంది. ఒకసారైతే కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. దొంగ ఏడుపులు!

మొహం మీదే అడిగేద్దామనుకుంది. కానీ నిజమైతే? ఒక్క దెబ్బకి ఇల్లూ పోతుంది, పనీ పోతుంది. పద్దెనిమిదేళ్ల సంసారం ఒకెత్తు, పిండి గది ఇంకొకెత్తు. ఇంట్లో ఆమె ఏం చెప్పినా "నీకు తెలీదు, ఊరుకో" అంటారు. పిండి గదిలో ఆమె ఊ అంటేనే పొయ్యి వెలుగుతుంది. ఆ రెంటినీ కలిపి ఒక్క ఆడదాని చేతిలో పెట్టాల్సొస్తుందేమోనన్న భయంతోనే ఆమె నోరు కుట్టేసుకుని కూర్చుంది.

సేల్స్ అమ్మాయి నల్ల గుడ్డ పరిచి వాచీలు ఒక్కొక్కటీ పెట్టింది. అన్నీ గులాబీ ఛాయ కలిసిన బంగారు రంగువే. బన్నక్క కావాలనే వాటిలోకెల్లా వికారమైనదాన్ని ఏరింది. పెద్ద డయలు, చుట్టూ మెరిసే రాళ్లు.

"ఇది బ్రహ్మాండంగా ఉంది," అంది.

"ఛఛ, నాటకంలో రాణిగారి వాచీలా ఉంది."

"రిటైరయ్యే మనిషికి ఇంకేం కావాలండీ? అంకెలు కళ్లజోడు లేకుండా కనిపిస్తాయి."

"ఆవిడకి... అంటే, ఆవిడ అభిరుచి వేరు," అని తమ్మె నలుపుకున్నాడు.

ఓహో! అభిరుచి కూడా తెలుసన్నమాట. బన్నక్కకి ఒళ్లు మండిపోయింది.

ఆయనే ఒకటి తీశాడు. రేకంత పలచటి వాచీ. మీగడ రంగు డయలు మీద అంకెల్లేవు, సన్నటి గీతలు మాత్రమే. రెండే ముళ్లు. గోధుమ రంగు తోలు పట్టీ. "ఇది చూడు, ఎంత నాజూగ్గా ఉందో!"

చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఆఫీసుకెళ్లే మనిషికి నాజూకు ఎవరు నేర్పారో! అయితే వాచీ మాత్రం నిజంగానే బాగుంది. అదే ఆమెకి ఇంకా బాధ.

"ఒకసారి మీ చేతికి పెట్టి చూడండి మేడమ్," అంది సేల్స్ అమ్మాయి.

బన్నక్క చెయ్యి చాపింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పొయ్యి వాతలు. పిండిలో చేతులు పెట్టేవాళ్లు మోచేతి కింద ఏమీ పెట్టుకోకూడదు, ఉంగరం కూడా. అందుకే పనిలో చేరాక ఆ చెయ్యి వాచీ అన్నదే ఎరగదు. ఇప్పుడు పెట్టుకుంటే ఎంత ముద్దుగా ఉందో చూసుకునేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకొకత్తెకి ఇవ్వడానికి నా చేతి మీద అందం చూసుకుంటున్నాడా!

"కొంచెం వదులుగా ఉంది. పట్టీకి ఇంకో రంధ్రం వేస్తే సరిపోతుంది. కానీ గిఫ్ట్ అన్నారుగా సార్, వాళ్ల చేతికి..."

"వేసెయ్యమ్మా. ఈ చేతికి సరిపోతే చాలు."

ఈసారి తమ్మె జోలికి పోలేదు. బన్నక్క తలెత్తింది. ఓనరమ్మ మణికట్టు అప్పడాల కర్రంత ఉంటుంది, ఈ పట్టీ సగం కూడా తిరగదు. మరి?

"నిజం చెప్పండి. ఎవరికండీ ఇది?"

"ఇంకెవరికే పిచ్చిదానా, నీకే!"

గుండెల మీంచి బండ దిగిపోయింది. నవ్వొచ్చింది, సిగ్గేసింది. ఎంతెంత మాటలనుకుంది మనసులో! పాపం ఓనరమ్మ, అని వెనక్కి తీసుకున్న మాట మళ్లీ ఇచ్చేసింది. ఆ కొట్టులో ఆ క్షణాన ఆమె కన్నా సుఖమైన మనిషి లేదు. అంతలోనే మళ్లీ పురుగు తొలిచింది.

"కానీ పిండి కలిపే చేతికి వాచీ ఎందుకండీ? మీకు తెలుసుగా."

"ఇక కలపక్కర్లేదు. నెలాఖరుతో మానేస్తున్నావని మీ ఓనరమ్మకి చెప్పేశాను. చేతులు నొప్పులని, నీ నోటితో చెప్పడానికి మొహమాటపడుతున్నావని, అడిగి ఇబ్బంది పెట్టొద్దనీ, ఈ వాచీ సంగతి నీకు ఇప్పుడే చెప్పొద్దనీ అన్నాను. బాగా బాధపడిందిలే. కొత్త మనిషిని కూడా చూసుకుంది." ఆయన మొహం వెలిగిపోతోంది. "మేనేజరు భార్యవి. రేపు పార్టీలకి వెళ్తాం, మీరేం చేస్తారని నలుగురూ అడుగుతారు. అప్పుడు పిండి పిసుకుతానంటావా?"

"నాకు నొప్పులని నేనెప్పుడన్నాను?"

"నువ్వు అనాలా? నాకు తెలీదూ!"

సేల్స్ అమ్మాయి పట్టీకి రంధ్రం వేసే పనిముట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బన్నక్క వాచీ విప్పి నల్ల గుడ్డ మీద పెట్టి లేచింది.

బేకరీ ఆ పక్క వీధిలోనే. నలుగురూ చూస్తున్నారే, ఆగవే అంటూ మొగుడు వెనకాలే ఆయాసపడుతూ వచ్చాడు. కౌంటర్లో ఓనరమ్మ లేచి నిలబడింది.

"నేను మానేస్తానని చెప్పలేదండీ," అంది బన్నక్క. "మానను కూడా."

ఓనరమ్మ ఆమెని చూసింది, వెనకున్న మేనేజరు గారిని చూసింది, కుర్చీలో కూలబడింది. "అయ్యో! కట్టుకున్నవాడే చెప్తే ఎందుకు నమ్మనమ్మా? పిండి గదికి పెద్దగా పెట్టుకుంటానని ఆ కొత్తామెకి మాటిచ్చేశాను. పాపం, ఆమె ఉన్న ఉద్యోగం వదులుకుని వస్తోంది. ఇప్పుడు కాదంటే ఎలా? నువ్వుంటే ఆమె కింద చెయ్యాలి. నీకు ఇష్టమేనా?"

"ఇష్టం కాదండీ," అంది బన్నక్క. "అయినా చేస్తాను."

లోపలికెళ్లి మోచేతుల దాకా చేతులు రుద్ది కడుక్కుంది. మొగుడు పిండి గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియడం లేదు.

"నీ మంచికే కదే చేశాను," అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

ఆమె పిండి ముద్ద బల్ల మీదికి లాక్కుంది.

"ఇన్నాళ్లూ మీకు వేరే ఆడదుందనుకున్నానండీ. ఉన్నా బాగుండేది. ఆమె మీద మీకు ఎప్పుడో ఒకప్పుడు మొహం మొత్తేది. ఈ నా మంచి మీద మీకు ఎప్పుడు మొహం మొత్తుతుంది?"