పేరుకన్నా ముందు మాట

గోదావరిఖనిలో రజాక్ కాక గొంతు వినపడితే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసేవారు. బొగ్గుబావిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంటికి కబురు మోసే పని ఆయన నెత్తిన వేసుకున్నాడు. ఎవరో పెట్టిన పని కాదు, జీతం లేదు. ఆడవాళ్లకు ధైర్యం చెప్పడానికి ఒక ఆడమనిషి ఉండాలని డెబ్బై రెండులో నన్నూ వెంట తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

"సారక్కా, ముందు పాణం మాట చెప్పాలె. పేరు తర్వాత" అనేవాడు.

దానికి కారణం పోశవ్వ. కొత్తలో కాక ఉరుక్కుంటూ ఆమె గడప దగ్గరికి వెళ్లి "మీ రాయమల్లు..." అని ఊపిరి కోసం ఆగాడట. ఆ కాస్త ఆగడంలోనే పోశవ్వ చేతుల గాజులు గోడకేసి పగలగొట్టుకుంది. తీరా చూస్తే రాయమల్లుకు విరిగింది కాలే. కట్టుతో ఇంటికొచ్చి, పెళ్లాం బోసి చేతులు చూసి "నేనింక సావలే గదనే!" అని మొత్తుకున్నాడు. కాకే కొత్త గాజులు తెచ్చిచ్చి, తిట్లు తిని వచ్చాడు.

అప్పటి నుంచి గల్లీ మొదట్లోనే "బతికే ఉన్నడు! బతికే ఉన్నడు!" అని అరుచుకుంటూ వచ్చేవాడు. ఎవరు బతికున్నారో తెలియక గల్లీకి గల్లీ తలుపులు తీసేది. నాకు నవ్వొచ్చేది. ఒక్కోసారి కోపమూ వచ్చేది.

"మరి బతికి లేకుంటేనో?" అని అడిగాను ఒకసారి.

"గప్పుడు పేరు పిలిచి ఊకోవాలె. ఆ మాట మన నోటెంబడి ఎందుకు బిడ్డా?"

డెబ్బై ఆరు ఎండాకాలంలో, బస్సుల దగ్గర చలివేంద్రం కుండలు నింపుతూ కాక కూలబడ్డాడు. దవాఖానకు చేరేసరికే అయిపోయింది. ఇంటికి ఎవరు చెప్పాలంటే అందరూ నా మొహమే చూశారు. నాకు ఏడుపుకన్నా ముందు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఊరందరి ఇళ్లకు వెంట తీసుకుపోయి, తన ఇంటికి మాత్రం నన్ను ఒక్కదాన్నే పంపుతాడా ఈ మనిషి?

కాక భార్య లతీఫున్నీసా చాచీ నన్ను చూడగానే గబగబా చెప్పులు తొడుక్కుంది. నేను ఆ గడపకు ఎప్పుడు వచ్చినా కాకను పిలవడానికే కదా.

"మీ కాక నీళ్లకాడ ఉన్నడు, జల్ది పిలుసుకొస్త. ఎవలింటికి పోవాలె బిడ్డా?"

అలవాటైన మాట గొంతులోకి రానే వచ్చింది. మింగేశాను.

"రజాక్ కాక..." అన్నాను.

చాచీ తర్వాతి మాట కోసం నా నోటి వంకే చూసింది. నేను ఊరుకున్నాను.

ఆమె చెప్పులు విప్పేసింది.