మొదటి పెంకు

పదిన్నరైంది. చర్చి కప్పు మీంచి ఇంకా ఒక్క పెంకు కిందికి దిగలేదు. సుబ్బరామయ్య ఖర్చు లెక్కేసుకుంటున్నాడు. తెనాలి నుంచి తెచ్చిన లారీకి రోజుకి ఆరు వేలు. కూలీలు ఎనిమిది మంది, మనిషికి తొమ్మిది వందలు. పని జరిగినా జరక్కపోయినా ఆ ఖర్చు ఆగదు. నిన్న బాపట్లలో విప్పిన ఇంటి పెంకులు దించే తీరిక కూడా లేక, సగం నిండిన లారీతోనే పొద్దున్నే ఇక్కడికొచ్చాడు.

ముప్ఫై ఏళ్ళుగా పాత ఇళ్ళు కొని, విప్పి, సామాను అమ్ముకునే మనిషి అతను. ఏ కట్టడమైనా అతని కంటికి విడివిడిగానే కనబడుతుంది. పోయిన నెల రేపల్లె అవతలున్న ఈ పల్లెకొచ్చి చర్చి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దూలాలు బర్మా టేకు. మిషను దొర సముద్రం మీద తెప్పించి, కాలవ పడవల్లో ఇక్కడికి చేర్చిన కర్ర. నూట పదేళ్ళయినా పురుగు ముట్టలేదు. వరండాకి పన్నెండు నల్లరాతి స్తంభాలు. కొనదేరిన కిటికీలకు రంగు అద్దాలు. పైన కంచు గంట. గోడలకు మాత్రం విలువ కట్టలేదు. గానుగ సున్నం పెట్టి కట్టిన గోడలో ఇటుక విరుగుతుందే తప్ప ఊడిరాదు.

"గోడలు మీకే వదిలేస్తున్నాను లెండి" అని చర్చి సంఘం చైర్మన్ రాజ్ కుమార్‌తో దర్జాగా అని, ఆరు లక్షలకి బేరం కుదుర్చుకుని, రెండు లక్షలు బయానా ఇచ్చాడు. తెనాలిలో ఆ సామాను పదకొండు లక్షలకి తక్కువ పోదు.

వదిలేసిన ఆ గోడే ఇప్పుడు అడ్డం తిరిగింది.

అతని ముఠాకి ఒక కట్టుబాటుంది. ఇంటివాడు నిచ్చెనెక్కి మొదటి పెంకు తన చేత్తో తీసి ఇవ్వాలి. అప్పటిదాకా కూలీలు కప్పు ముట్టరు. ముడితే ఎవడో ఒకడు పడతాడని వాళ్ళ నమ్మకం. రెండేళ్ళ కిందట ఓ పాత మిల్లు దగ్గర, యజమాని వచ్చేదాకా ఆగకుండా సుబ్బరామయ్యే తొందరపెట్టి ఎక్కించాడు. ముఠా మేస్త్రి అశోక్ తమ్ముడు పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ముప్ఫై వేలిచ్చి ఆ సంగతి తేల్చేశాననుకున్నాడు సుబ్బరామయ్య. అశోక్ మనసులో అది తేలలేదు.

రాజ్ కుమార్ తెల్లచొక్కా చేతులు మడిచి నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"ఆగు బాబూ" అంది హెప్సిబా.

యాభై దాటిన మనిషి. పొలం కూలి. మొగుడు పోయిన దగ్గర్నుంచీ చర్చి గంట కొట్టేదీ, ఏటా వానలకి ముందు కప్పెక్కి పగిలిన పెంకులు మార్చేదీ ఆమే. కలుపు పని మధ్యలో ఆపి వచ్చింది, చేతిలో కొడవలి అలాగే ఉంది. ఆమె వెనక పల్లె ఆడవాళ్ళంతా నిలబడ్డారు.

"మొదటి పెంకు ఇంటోడు తీయాలంట కదా. నువ్వెట్టా ఇంటోడివయ్యావు?"

"చైర్మన్ని. తీర్మానం ఉంది, దాని మీద మీ సంతకాలున్నాయి."

"కొత్త గుడి కడతానంటే పెట్టాం. ఇది పడగొడతానని చెప్పావా?"

"మరి కొత్తది గాల్లో కట్టమంటావా?"

"రోడ్డు వైపు ఎనిమిది కొట్లంట. ఎనకాల గుడంట. కొట్లేమో నీ బామ్మర్దులకి, ఎనకటి జాగా దేవుడికి. బానే పంచావు!"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. రాజ్ కుమార్ మొహం కందింది.

"ఇది దొర కట్టించిన గుడి. ఆ పాలరాతి మీద పేరు చూడు. నీ తాతేమన్నా కట్టించాడా?"

హెప్సిబా గోడ దగ్గరికి వెళ్ళింది. పెచ్చులూడిన చోట కొడవలి మొనతో సున్నం గీకింది. ఇటుక మీద చంటిపిల్ల పాదం అచ్చు బయటపడింది.

"మా నాయనమ్మది. కర్రా పెంకూ దొర ఇచ్చాడు, కాదనను. గోడలు మాయి. పగలంతా ఆసామి పొలంలో చాకిరీ చేసి, పొద్దుగూకాక ఇంటికి మూడొందల ఇటుక కోశారు. పచ్చి ఇటుక మీద ఇంటికో గుర్తు ఏశారు. గాజు గుర్తొకళ్ళది, కొడవలి గుర్తొకళ్ళది. మాది ఈ పాదం. పాలరాతి మీద మాకు చోటియ్యలా. మీ ఇంటి గుర్తేది? చూపించి ఎక్కు."

రాజ్ కుమార్ తాత మిషను బంగళాలో జీతం తీసుకున్న గుమాస్తా. ఇటుకలు లెక్కపెట్టాడు గాని కోయలేదు. ఆ సంగతి పల్లెలో తెలియని వాళ్ళు లేరు. రాజ్ కుమార్ నిచ్చెన మీంచి కాలు తీసి, "మీరెక్కండ్రా!" అని కూలీల మీద అరిచాడు. ఒక్కడూ కదల్లేదు. అశోక్ ఆ పాదం కేసే చూస్తున్నాడు.

సుబ్బరామయ్య చైర్మన్ని పక్కకి లాగాడు. "నా బయానా?"

"ఖర్చయిపోయిందండి."

పాదాలు చూసి కరిగే మనిషి కాదు సుబ్బరామయ్య. రెండు లక్షలు మునిగేకంటే పదివేలు పారెయ్యడం మేలు. హెప్సిబా దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాడు.

"అమ్మా, పదివేలిస్తాను. నీ చేత్తో ఒక్క పెంకు తియ్యి. ఒక్కటే."

ఆమె తలెత్తి కప్పు కేసి చూసింది.

"నేను తీస్తే మీవాళ్ళు ఎక్కుతారా?"

"ఎక్కుతారు."

"డబ్బులొద్దు గాని, నిచ్చెన పట్టుకోండి."

"ఒసే! నువ్వు కూడా అమ్ముడుపోయావటే!" అని వెనక నుంచి ముసలి సుందరమ్మ గుప్పెడు మట్టి తీసి విసిరింది. హెప్సిబా కొడవలి కింద పెట్టి, చీర ఎగదోపి, అలవాటైన కాళ్ళతో పైకెక్కింది. సుబ్బరామయ్యకి ప్రాణం లేచొచ్చింది. పదివేలు కూడా మిగిలాయి.

చూరు దగ్గర బోర్లా పడుకుని, తడిమి, ఒక పెంకు ఊడదీసి కిందికి చాచింది. అశోక్ అందుకున్నాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకి బీటేసి ఉంది.

"ఇది పగిలింది" అంది హెప్సిబా పైనుంచి. "వానలొచ్చేస్తున్నాయి. మీ లారీలో మంచియ్యి ఉన్నాయిగా తమ్ముడూ, ఒకటి అందియ్యి."

అశోక్ పగిలిన పెంకు గోడవార పెట్టి లారీ వైపు నడిచాడు.

"ఒరేయ్!" సుబ్బరామయ్య కేక పెట్టాడు. "అది ముట్టుకున్నావంటే రేపట్నుంచి పన్లోకి రాకు!"

అశోక్ ఒక పెంకు తీశాడు. వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఖంగుమంది. భుజాన పెట్టుకుని నిచ్చెన మొదటి మెట్టెక్కాడు.

"రానండి" అన్నాడు.

పైన హెప్సిబా చెయ్యి చాచి ఉంది.