ఒంగిన గీత

నేను కలిపిన ఉప్పునీళ్లకు వంక పెట్టినవాళ్లు మా ల్యాబులో ఎవరూ లేరు. అట్లాంటిది, గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన భావన పెట్టింది. నోటి దురుసుకు పేరుపడ్డ చూలై పేటలో పుట్టి పెరిగినదాన్ని, నా నోరు ఊరుకుంటుందా!

ముందు సంగతి చెప్పాలి. ఎలుక మెదడు ముక్కలో ఒక్క కణాన్ని పట్టి, వెంట్రుక కన్నా సన్నని మొన ఉన్న గాజుగొట్టాన్ని దానికి అంటించి, కణంలోకి వచ్చే కరెంటునూ బయటికి పోయే కరెంటునూ కొలవడం మా పని. ఆ గొట్టంలో పోసే నీళ్లు నావి. భావన పట్టే కణాలది ఒక వింత. కరెంటు లోపలికి ధారాళంగా వస్తుంది, బయటికి పోబోతే ఆగిపోతుంది. తెర మీద ఆ కరెంటును చూపే గీత అక్కడ ఒంగుతుంది. కణం తనంతట తాను తయారుచేసుకునే స్పెర్మిన్ అనే పదార్థమే లోపలి నుంచి దారికి బిరడాలా అడ్డం పడుతోందని భావన వాదన.

తంటా ఏమిటంటే, ఒంగిన గీత కాసేపటికి తిన్నగా అయిపోతోంది. మా గైడు కోదండరాం సారు విసిగిపోయారు. "కణాలు పాడవుతున్నాయమ్మా. సాయంత్రంలోగా గీత నిలవకపోతే టాపిక్ మార్చేద్దాం" అని తేల్చేశారు. అంటే పిల్ల మూడేళ్ల కష్టం గంగపాలే.

మధ్యాహ్నం అది అన్నం ముట్టలేదు. ఉన్నట్టుండి అడిగింది.

"శ్రీప్రియక్కా, కణం ఎంత? గొట్టంలో నీళ్లెన్ని?"

"కణం ఆవగింజయితే నీళ్లు బిందెడు. ఎందుకే?"

"మరి కణంలో స్పెర్మిన్ అంతా ఆ బిందెలోకి పోదూ?"

నాకు ఒళ్లు మండింది. "ఏందే, నా నీళ్లు దొంగలంటావా? ఈడ సారు కూడా నా నీళ్లను ఒక్క మాట అనరు!"

"తప్పు నీళ్లది కాదక్కా. వాటిలో స్పెర్మిన్ లేదు, అంతే. ఒక్కసారి కొంచెం కలిపి ఇవ్వవా?"

దాని కళ్లలో నీళ్లు చూశాక ఇంకేమంటాను? గొణుక్కుంటూనే కలిపి ఇచ్చాను.

గొట్టం అంటించింది. గీత ఒంగింది. ఇద్దరం గుడ్లప్పగించి చూశాం. ఎంతసేపు చూసినా ఒంగే ఉంది. ఇంకో కణానికి నా పాత నీళ్లు పెట్టింది. మొదట ఒంగిన గీత మెల్లగా తిన్నగా అయింది. అబ్బ! ఇన్నాళ్లూ లోపమని తిట్టుకున్నదే సాక్ష్యం. కణం సొంతంగా చేసుకున్న బిరడా నా నీళ్లలోకి జారిపోతుండడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. కంటికి ఆనని కణం, ఎవరూ నేర్పకుండానే తన కరెంటు ఎటు పోవాలో ఇంత నేర్పుగా చూసుకుంటోందే అని దానికి దణ్ణం పెట్టాలనిపించింది.

సారు వచ్చి రెండు గీతలనూ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు చూశారు.

"ఏ టాపిక్కూ మార్చనక్కర్లేదు. రేపటి నుంచి రెండు రకాల నీళ్లూ కలుపు, శ్రీప్రియా" అన్నారు.

ఆయన వెళ్లాక నేను మూతి ముడుచుకునే ఉన్నాను. "సరి సరి, గెలిచావులే. ఇంక నా పాత నీళ్లు ఎవరిక్కావాలి!"

"అదేంటక్కా, సగం రుజువు అవే కదా. నువ్వు అంత శుభ్రంగా కలపకపోతే, కణంలో ఏం తగ్గుతోందో నాకు తెలిసేదే కాదు" అంది భావన.

నా కోపం ఎటు పోయిందో! పిల్లను కావలించుకుని ఏడ్చేశాను.