చుక్కల అక్క

చుక్కతో మొదలయ్యే ఫైళ్ళ పేర్లన్నీ కంప్యూటరు తెరమీద దిగేదాకా ఆగి, లెక్క చూసుకుంది చుక్కల అక్క. నలభై ఒకటి.

పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి దాచే ఆ సంస్థలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఒక్కటే: ఒక డిస్కులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఇంకో డిస్కులోకి చేర్చడం. పొట్టి మనిషి. తెరకేసి వంగి వంగి భుజాలు ముందుకొచ్చాయి. కాపీ అవుతున్నంతసేపూ ఫైలు పేరు ముందు ఒక చుక్క, వెనక నాలుగు పిచ్చి అక్షరాలు ఉంటాయి. మొత్తం చేరాక అవి పోయి అసలు పేరు వస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ సగం ముక్క చుక్కతోనే మిగిలిపోతుంది. అందరికీ అది చెత్త. ఆమె మాత్రం బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కోదాన్నీ పట్టి చూస్తుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

"మూతపడిన శాఖ డిస్కు కదా ఇది, మధ్యాహ్నానికి చెరిపేసి పంపాలి" అన్నాడు ఆఫీసరు. "చుక్క ఫైళ్ళు వదిలెయ్యమని కమాండులో ఒక్క ముక్క కలిపితే పోలా, అక్కా?"

"పోతుంది సార్. చెత్తే. కాకపోతే చెత్తయినా చూసి పారెయ్యాలి."

"మీ చాదస్తం మీది" అని నవ్వి వెళ్ళాడు.

నలభైకి పూర్తి ఫైళ్ళు దొరికాయి. ఆ ముక్కల్ని చెరిపేసింది. నలభై ఒకటోదానికి అసలు ఫైలు ఎక్కడా లేదు; ఆ శాఖలో కంప్యూటరు కాలినప్పుడే పోయింది. పేరులో "దర్జీ" అని ఉంది. ఏడాదిగా నెలనెలా ఫోన్ చేసి, "మా నాన్న గొంతు దొరికిందా అమ్మా?" అని అడిగే బస్సు డ్రైవరు గుర్తొచ్చాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని, ఫోను తీసింది.

అతను యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చాడు. పదకొండు నిమిషాలు కదలకుండా విన్నాడు. "కాలరు కత్తిరించే ముందు ఆ మనిషి మెడ చూడాలి, ఎందుకంటే..." దగ్గర గొంతు తెగిపోయింది.

"ఇంతే ఉంది బాబూ" అంది ఆమె, తనే తప్పు చేసినట్టు.

"చాలమ్మా. ఎందుకంటే, 'టేపుకి కొలతే తెలుసు, మనిషి తెలీదు.' రోజూ అనేవాడు." కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె ఆ ఫైలుకి చుక్క తీసి, పూర్తి పేరు పెట్టింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, కాసేపు నడుం వాలుస్తానని చెల్లెలితో చెప్పి పడుకుంది. మళ్ళీ లేవలేదు.

మర్నాడు ఆఫీసరు ఆ గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. యంత్రాల కోసం ఎప్పుడూ చల్లగా ఉంచే గది. ఉతికిన ఉన్ని మేజోళ్ళ జత ఒకటి ఆమె కుర్చీ వీపుమీద ఆరేసి ఉంది. ఒకదాని మడమ దగ్గర, వేరే రంగు దారంతో, దగ్గర దగ్గరగా వేసిన కుట్లు.