పేరు రాసే గడి

"అక్కా, నా ఫోన్ ఏడ పెట్టిన్నో యాదికొస్తలేదు. జర రింగ్ ఇయ్యవా?" అంది నర్మద, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

నా చేతులు దోసెల పిండిలో ఉన్నాయి. "గట్టు మీద నా ఫోన్ ఉంది, నీ నంబర్ నువ్వే కొట్టుకో," అన్నాను.

ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కింది. ఉతకాల్సిన బట్టల కుప్పలోంచి తన ఫోన్ మోగింది. నర్మద అటు వెళ్లలేదు. నా ఫోన్ వంకే చూస్తూ, నేను నేర్పినట్టే, కూడబలుక్కుని చదివింది.

"ప... ని... మ... ని... షి."

చదవడం నేర్పింది నేనే. ఏడాదిన్నరగా, మధ్యాహ్నం అంట్లు అయ్యాక పేపరు ముందేసుకుని ఇద్దరం కూర్చుంటాం. ఆ సంగతి చిక్కడపల్లిలో నాకు తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా. మా అత్తగారు సుబ్బలక్ష్మిగారు "పనిదానికి చదువులెందుకమ్మా, రేపు నీ మాట వింటుందా?" అన్నందుకు ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ వేరు, నేను వేరు అనుకున్నాను. ఇప్పుడు నేను నేర్పిన అక్షరాలతోనే నర్మద నన్ను చదివేసింది.

అక్కడితో అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. పోయిన ఆదివారం సంగతి ఒకటుంది. ఈ ఫోన్ మావారు సుధీంద్ర వాడి వదిలేసింది. కొత్తది కొనుక్కుని, "ఇందులో తెలుగు కూడా వస్తుందోయ్, నీకిది చాలు," అని నా చేతిలో పెట్టారు. ఆ మాటకి పంతం పట్టి అన్నీ నేర్చుకున్నాను. పేర్లకి ఫోటోలు తగిలించడం, ఒక్కొక్కరికి ఒక్కో రింగ్‌టోన్ పెట్టడం, ఎవరినీ అడగకుండా. ఆదివారం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, ఫోన్ వెళ్తోందో లేదో చూద్దామని ఆయన నంబర్‌కే కొట్టాను. బల్ల మీద ఆయన ఫోన్ వెలిగింది. 'ఇల్లు' అని పడింది.

"అది పాత ల్యాండ్‌లైన్‌కి పెట్టింది కదోయ్. ఆ నంబర్ తీసేసి అక్కడే నీది వేశాను. పేరు మార్చడం కుదర్లేదు. అయినా ఇల్లంటే నువ్వేగా?" అన్నారు తల తుడుచుకుంటూ.

ఇరవై ఒక్క ఏళ్ల కాపురం. ఆయన ఫోన్‌లో ఆఫీసు ప్యూన్‌కి పేరుంది. బర్కత్‌పురలో కారు బాగుచేసేవాడికి పేరుంది. సోమవారం పొద్దున్న నర్మదని కూర్చోబెట్టి ఇదంతా చెప్పుకుని ఏడ్చాను. తను చీపురు పక్కన పెట్టి, "ఊకో అక్కా. మొగోళ్లకు గంత సోయి ఉండదు," అని నా వీపు నిమిరింది. అశోక్‌నగర్ బస్తీలో తన ఇంటికి ఆ రోజు ఆలస్యంగా వెళ్లింది. తను నన్ను ఓదారుస్తున్నంతసేపూ నా ఫోన్‌లో ఆ మాట ఉంది.

"అది నీకు పెట్టింది కాదు నర్మదా," అన్నాను. "నీకంటే ముందు హనుమమ్మ చేసేది కదా. ఆవిడ మానేశాక ఆ నంబర్ తీసేసి అక్కడే నీది వేశాను. పేరు మార్చడం కుదర్లేదు."

పూర్తిగా అనేశాక గానీ అది ఎవరి మాటో నాకు తెలియలేదు. కుదర్లేదట, నాలుగేళ్లలో! కూరగాయల బండి మాసయ్యకి పేరు పెట్టాను, ఫోటో కూడా. నారాయణగూడలో జాకెట్లు కుట్టే భానుకి వేరే రింగ్‌టోన్ పెట్టాను. ఎక్కడ దాక్కోవాలో తెలియక కుళాయి కింద చేతులు అక్కర్లేనంతసేపు కడుక్కున్నాను.

"ఇదిగో, నీ పేరు నువ్వే రాసుకో. రాయడం వచ్చుగా?" అని నవ్వుతూ ఫోన్ చాచాను. దాన్ని ఒక మంచి పాఠంలా మార్చేసి బయటపడదామనే నా ఎత్తు.

నర్మద తీసుకోలేదు. బట్టల్లోంచి తన ఫోన్ ఏరుకుని బొడ్లో దోపుకుంది. "నువ్వు పెట్టిందే గద అక్కా. నువ్వే మార్చు. బట్టలు పొద్దుమీకి వచ్చి ఉతుకుత, నాకు అవతల ఇంట్ల పనుంది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పాత మాట చెరిపి 'నర్మద' అని రాశాను. దాని కింద ఇంకో గడి ఉంది, ఇంటిపేరుకి. నాకు తెలియదు. తన ఎడమ మోకాలి నొప్పి తెలుసు, కూతురు మంగ ఏ బడిలో చదువుతోందో తెలుసు, మహబూబ్‌నగర్ దగ్గర వాళ్ల ఊరు తెలుసు. ఇంటిపేరు ఎన్నడూ అడగలేదు.

"నర్మదా, మీ ఇంటిపేరేంటి?"

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నదల్లా వెనక్కి తిరిగింది. ఇన్నాళ్లకా అన్నట్టు ఒక్క క్షణం చూసింది. "కావలి నర్మద," అని, బడిలో హాజరు చెప్పినట్టు మొత్తం చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం మావారు బషీర్‌బాగ్ ఆఫీసు నుంచి వచ్చారు. ఆయన చూడనప్పుడు ఆయన ఫోన్ తీసి ఆ పేరు నేనే గుట్టుగా మార్చేద్దామని వారం రోజులుగా అనుకుంటున్నాను. మార్చేస్తే ఆయన గమనించేవారు కూడా కాదేమో. కాఫీ గ్లాసు పక్కనే ఆయన ఫోన్ కూడా తెచ్చి పెట్టాను.

"మీరు పెట్టిందే కదండీ. మీరే మార్చండి."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. 'ఇల్లు' తెరిచి, చెరిపి, తలెత్తారు.

"ఏమని రాయమంటావోయ్?"

మధ్యాహ్నం నర్మదని ఇంటిపేరు నేనూ అడిగినదాన్నే. ఆయన్ని ఒక్క మాట అనే మొహం నాకు లేదు. చెవులదాకా పాకిన ఆ సిగ్గుతోనే, కాలేజీ వదిలాక మళ్లీ ఎవరూ పిలవని నా పేరు పుట్టింటి పేరుతో సహా చెప్పాను.

"వేమూరి కమలాకుమారి."